గడ్డం మొలిచేదాక

నాందేడ్ల భోజన్నకు పొద్దుగాల చాయ్ తాగినంక ఒక్కటే పని. పాత మంగలికత్తులు ముందలేసుకొని కూసునుడు. గాసునూనె రుద్ది జంగు, తుప్పు ఇడిపిస్తడు, సానరాయి మీద పదును పెడ్తడు, తోలుపట్టీ మీద మెరిపిస్తడు. చచ్చిపోయినోళ్ళ కత్తులే ఎక్కువొస్తయి. ఆ కత్తితోటి ఎవరు గీసుకున్నా చచ్చిపోయినాయన మొగమే వస్తది, మళ్ళ గడ్డం మొలిచేదాక ఉంటది. తండ్రి లేని పిల్ల పెండ్లికి అన్న అట్లనే గీసుకొని పీటల మీద కూసుంటడు. ఒకడు ఊకెనే తండ్రి కత్తితోటి గీసుకొని ఇంటికి పోతే, పెండ్లాం మామ మొగం చూసి కొంగు నెత్తి మీదికి గుంజుకొని లోపలికి ఉరికింది. గడ్డం మొలిచేదాక బువ్వ గూడ అత్తతోటే పెట్టిచ్చింది!

నిజాం పోలీసులు సర్కారుకు ఎదురు జెండాలు పట్టినోళ్ళ కోసం ఇండ్లు గాలిస్తున్న రోజులవి. ఒకనాడు పొద్దుగాలనే బిలోలి విశ్వేశ్వర్ గోడ దుంకి వచ్చిండు. తల్లిదండ్రి లేని పోరడు, ఇరవై ఏండ్లుంటయేమో. ఎనుక జమాదార్. హైదరాబాద్ నుంచి కొత్తగ వచ్చిండు, ఈ కత్తుల సంగతి ఆయనకు తెల్వది గని విశ్వేశ్వర్ మొగం మంచిగ తెలుసు. గల్లీ మొదట్ల తలుపులు కొడుతున్నరు.

"పెన్‌గంగ దాటితె నిజాం రాజ్యం దాటినట్టే, ఆళ్ళ చెయ్యి అందదు పెద్దయ్యా. ఈ గల్లీ దాటుడే కష్టం," అన్నడు విశ్వేశ్వర్.

భోజన్న కత్తులన్నీ తిరగేసిండు. అన్నీ ముసలోళ్ళయే. ఈ బక్క పోరనికి ముసలి మొగం పెడితె ఏ జమాదార్ నమ్ముతడు? ఇగ ఒక్కటే ఉంది. కలరాల పోయిన భోజన్న కొడుకు రామచందర్‌ది. భోజన్న పెండ్లాం యమునాబాయి దాన్ని బట్టల చుట్టి పెట్టెల దాసింది. "ముట్టినవంటె నా మీద ఒట్టు," అన్నది మొగనితోటి. ఆ మొగం మళ్ళ వచ్చి మళ్ళ పోతే ఎట్ల తట్టుకోవాలె?

భోజన్న అడగకముందే యమునాబాయే పెట్టె తీసి కత్తి ముందల పడేసింది.

"జల్ది కానియ్యి."

జంగు ఇడుస్తలేదు. పక్కింటి తలుపు కొట్టిన్రు. భోజన్న సబ్బు పూసి కత్తిని గొంతు మీద ఆనిచ్చి అట్లనే ఆగిండు.

"గడ్డం గీస్తున్నవా, గొంతు కోస్తున్నవా?" అని యమునాబాయి కసిరింది. కసిరి గోడ దిక్కు తిరిగి కూసుంది.

విశ్వేశ్వర్ మొగం తుడుసుకుంటుండంగనే జమాదార్ లోపలికొచ్చిండు.

"కౌన్ హై యే? ఎవడు వీడు?"

ఇగ చూడక తప్పలే. యమునాబాయి తిరిగింది. అదే ముక్కు, అవే పెదవులు.

"నా కొడుకు సాబ్. రామచందర్."

"మరి ఏడుస్తున్నవేంది?"

"శానా దినాలకు ఇంటికొచ్చిండు సాబ్."

జమాదార్ పోరని గదుమ పట్టి మొగం అటు ఇటు తిప్పి చూసిండు. చెవి కింద సబ్బు ఇంకా ఆరలే.

"చలో," అని జమాదార్ బయటికి పోయిండు.

యమునాబాయి కత్తిని మళ్ళ బట్టల చుట్టి విశ్వేశ్వర్ చేతుల పెట్టింది. "పెన్‌గంగ దాటేదాక రోజూ గీసుకో బిడ్డా."

"మనకు మిగిలింది అదొక్కటే గదనే," అన్నడు భోజన్న.

"మిగిలి ఏం జేసింది? పెట్టెల జంగు పట్టింది."

ఏడాది తిరిగేసరికి నిజాం రాజ్యం పోయింది. విశ్వేశ్వర్‌ను పట్టుకునేటోడు లేడు. సొంత మొగంతోటి బిలోలికి పోవచ్చు. పోలే. నాందేడ్ల బండి దిగి, గోదావరి ఒడ్డుకు కూసొని అదే కత్తితోటి నున్నగ గడ్డం గీసుకొని, సక్కగ భోజన్న ఇంట్లకు వచ్చి పీట గుంజుకున్నడు.

"అమ్మా, ఆకలైతుంది," అన్నడు.