ప్రాక్సీ తలంటు

మంగళవారం నుంచి తన్మయి నిద్ర కూడా షకీనాయే పోతోంది.

ఇద్దరిదీ ఒకే క్లాసు, హాస్టల్లో ఒకే గది. ఒకరు క్లాసుకు రాకపోతే మరొకరు గొంతు మార్చి "ప్రెజెంట్ సార్" అని ప్రాక్సీ వేయడం మొదటి సంవత్సరం నుంచీ ఉన్న అలవాటే. ఇప్పుడు ప్రాజెక్టు రివ్యూ, ఇంటర్నల్స్, ఫెస్టు పనులు అన్నీ ఒకేసారి తన్మయి నెత్తిన పడ్డాయి.

"నువ్వు రికార్డు రాసుకోవే. నీ నిద్ర నేను పోతాలే," అని షకీనా దుప్పటి ముసుగు పెడుతుంది.

ఆమె గురక పెడుతున్నకొద్దీ తన్మయి కళ్ల మంట తగ్గుతుంది. మర్నాడు మెస్సులో తన్మయి ఇడ్లీలు కూడా షకీనాయే తింటుంది. తన్మయికి ఆకలి వేయదు, కడుపూ నిండదు. ఎంత హాయి! ఏడవడానికి కూడా తీరిక లేదంటే, ఎదురు గదిలోని ఫస్టియర్ పిల్ల ఆ పని ఒప్పుకుంటుంది. పాపం, ముక్కు చీదడంతో సహా శ్రద్ధగా చేస్తుంది.

శనివారం అమ్మ ఫోన్ చేస్తుంది. "తలంటుకుని ఎన్నాళ్లయిందే? గొంతు వింటేనే తెలుస్తోంది. రేపొస్తున్నా. మందారాలేసి నూనె కాచి తెస్తా."

తన్మయికి చాలా రోజుల తర్వాత ఒకటి కావాలనిపిస్తుంది. "ఇదొక్కటి మాత్రం నేనే పోయించుకుంటానే," అంటుంది షకీనాతో. "అమ్మ వేళ్లు నా తలమీదే పడాలి."

"నాకేం, నీ ఇష్టం. వేసిన ప్రాక్సీ మధ్యలో ఆగదు గానీ," అంటుంది షకీనా ఆవలిస్తూ. ఆ ఆవలింత కూడా తన్మయిదే.

ఆదివారం పొద్దున స్నానాల గదుల ముందు బకెట్లు వరసగా ఉన్నాయి. మనిషి బదులు బకెట్ నిలబడుతుంది, వెనకవాళ్లు దాన్ని కాలితో ముందుకు తోస్తారు. ఇది హాస్టల్ పద్ధతి. ఇంక ఎవరి ప్రాక్సీ కూడా వద్దనుకున్న తన్మయి, బకెట్ పెట్టకుండా తానే వరసలో నిలబడుతుంది.

ఆమె నిలబడ్డాక కారిడార్ సాగుతుంది. తమ గది దూరంగా జరిగిపోతుంది. తెరిచిన తలుపులోంచి అమ్మ కనిపిస్తుంది. మంచమ్మీద కూర్చుని, నూనె సీసా మూత తీసి, షకీనాను ముందు కూర్చోబెట్టుకుంటోంది.

"అమ్మా, నేనిక్కడున్నా!"

"కదలకే తన్మయీ," అంటుంది అమ్మ షకీనాతో.

అమ్మ జుట్టు పాయలు తీసి సుడుల కోసం వెతుకుతుంది. తన్మయికి రెండు సుడులు. చిన్నప్పటి నుంచీ అమ్మ నూనె మొదట అక్కడే అద్దుతుంది. షకీనాకు ఒక్కటే సుడి. ఇప్పుడు అమ్మకు తెలిసిపోతుందని తన్మయి ఎదురుచూస్తుంది.

అమ్మకు రెండూ దొరుకుతాయి.

తన్మయి తన తల తడుముకుంటుంది. చెయ్యి నున్నటి ప్లాస్టిక్ మీద జారుతుంది. ఆమెకు భయం వేయాలి. వేయడం లేదు. ఎదురు గదిలో ఫస్టియర్ పిల్ల బావురుమంటుంది.

"జరుగు," అంటూ వెనకున్న అమ్మాయి కాలితో తోస్తుంది. తన్మయి గరగరమని ముందుకు జరుగుతుంది. ఇంకోసారి తోస్తే గీజర్ కుళాయి కిందికి చేరుతుంది. నీళ్లు లోపలినుంచి మోకాళ్ల దాకా, నడుం దాకా, గొంతు దాకా నిండుతాయి. ఆవిరి లేస్తోంది. వేడిగా ఉన్నాయో లేదో ఎవరినైనా అడగాలి.

షకీనా వచ్చి పీట మీద కూర్చుంటుంది, నూనె కారుతున్న జుట్టుతో. వెనకే అమ్మ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంటూ వస్తుంది. వంగి, తన్మయిలో వేళ్లు ముంచి చూస్తుంది.

"గోరువెచ్చగానే ఉన్నాయి. కళ్లు మూసుకో తల్లీ."

షకీనా కళ్లు మూసుకుంటుంది. అమ్మ చెంబు ముంచుతుంది.