కోరస్‌లో నా పేరు

"ఆ పాటల నీ పేరెందుకున్నది?" అని అడిగాడు సతీశ్.

నేను వంటింటి గడప దగ్గర కూర్చుని బీరకాయల చెక్కు తీస్తున్నాను. మధ్యాహ్నం పూట అతను షాపు వదిలి ఇంటికి రాడు. చెప్పులైనా విడవకుండా వచ్చి నిలబడి అడిగిన ఆ మాట నాకు మొదట ఇంకోలా అర్థమైంది. లింగంపేట భూమేశ్ మా దగ్గర చేయించుకున్న బతుకమ్మ పాటల సీడీ అట్ట మీద, సతీశ్ పేరు కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో నా పేరు కూడా వేయించాడేమో అనుకున్నాను. చెక్కు తీసే చేయి ఆగిపోయింది. "ఎవలు ఏయించిన్రు?" అని నవ్వుతూ అడిగాను కూడా.

అతను నవ్వలేదు. నడిమింట్లోకి పోయి, కంప్యూటర్‌లో సీడీ పెట్టి, కుడివైపు స్పీకర్‌ను నా వైపు తిప్పాడు. ఆ పాటలు పాడిన సాలవ్వ గొంతు ఒక చరణం పాడి ఆగింది. అందుకోవడానికి కోరస్ ఆడవాళ్లు ఊపిరి తీసుకున్నారు. ఆ సందులో, దూరం నుంచి, కానీ స్పష్టంగా, మా అత్తమ్మ పిలుపు. "శ్వేతా... ఓ శ్వేతా..."

భూమేశ్ తన సీడీల దుకాణం ముందు పెద్ద స్పీకర్లు పెట్టి ఆ పాట వేశాడట. రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి మరీ విన్నారట. ఈ శ్వేత ఎవరు, ఏ పువ్వు తేవడానికి పోయింది అని నవ్వుకున్నారట. సీడీలన్నీ వాపస్ పంపిస్తానని భూమేశ్ ఫోన్ చేశాడు.

"ఒక్క పని సక్కగ చెయ్యవు. నా పేరు ఖరాబు చేసినవ్" అని సతీశ్ మళ్లీ షాపుకు పోయాడు.

పేరు అతనిదే. ఎల్లారెడ్డిలో అందరికీ అది సతీశ్ రికార్డింగ్. రెండేళ్ల కింద, 2010లో, ఉద్యమం పాటలూ పండగ పాటలూ బాగా అమ్ముడవుతున్నప్పుడు, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల షాపుతో పాటు ఇదీ నడుస్తుందని మైకు, కంప్యూటర్ కొన్నాడు. నెల రోజులు కూర్చున్నాడు. నడుము గుంజుతున్నదని లేచాడు. నేను కామారెడ్డిలో డిగ్రీ చదివి ఇంట్లో ఉన్నదాన్ని. బయటి సప్పుడు రాకుండా కిటికీకి పాత బొంతలు మేకులతో కొట్టింది నేను. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెడగొట్టుకుంటూ నేర్చుకున్నది నేను. ఎవరన్నా పాట చేయించుకోవడానికి వస్తే అతను కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకుంటాడు. వాళ్లు వెళ్లాక అదే కుర్చీలో నేను కూర్చుంటాను. "ఇంట్ల కూసుండి చేసే పనే గద, నీకు గూడ టైంపాస్ అయితది" అంటాడు. నాకు కోపం రాకపోవడానికి కారణం, ఆ పని నాకు నిజంగానే ఇష్టం కావడం. ఒక గొంతు మీద దుమ్ము తుడిచినట్టు తుడిచి, దాని చుట్టూ డప్పునీ తాళాన్నీ కూర్చోబెట్టడంలో ఎంత సుఖముందో నేనెవరికీ చెప్పలేదు. చెప్తే అది కూడా టైంపాస్ లెక్కలోకి పోతుందని భయం.

మా అత్తమ్మ విమలమ్మ చెడ్డ మనిషి కాదు. మోకాళ్లు అరిగిపోయాయి, లేవలేదు. నీళ్లకు, మందు గోళీలకు, గ్యాసు బండివాడు వచ్చాడని చెప్పడానికి, ఒక్కోసారి ఊరికే తోచక, నన్నే పిలుస్తుంది. మొదట్లో ఒకరోజు హెడ్‌ఫోన్స్ రెండు చెవులకూ పెట్టుకుని పనిలో ఉండి ఆమె పిలుపు వినలేదు. పొయ్యి మీద పాలు పొంగాయి. ఆమె తనే లేవబోయి గోడ పట్టుకుని జారి కూలబడింది. దెబ్బేమీ తగల్లేదు. సాయంత్రం సతీశ్ అన్నాడు, "ఒక చెవి బయట పెట్టుకుంటే ఏం పోతది?" అప్పటి నుంచి కుడివైపు దాన్ని చెవి వెనక్కి నెట్టి పెట్టుకోవడం అలవాటైంది. అత్తమ్మ మంచం, వంటిల్లు అటువైపే ఉంటాయి. ఆ పాటలో నేను డప్పును ఎడమకు పెట్టాను, కోరస్‌ను కుడికి. అత్తమ్మ పిలుపు కోరస్‌తో పాటు మైకులో పడి, కుడివైపే ఉండిపోయింది. కోరస్ సౌండు కొలత చూసుకోవడానికి రెండు చెవులకూ పెట్టుకున్నా, పాట మొదటి నుంచి చివరిదాకా అలా విన్నది లేదు. ఏం పోతుందో ఇప్పుడు లింగంపేట విన్నది.

భూమేశ్ ఫోన్ వచ్చిన సాయంత్రం అత్తమ్మ చిన్నబోయి అడిగింది, తను పిలవకపోతే ఇంకెవరిని పిలవాలని. ఆమె అడిగినదాంట్లో తప్పు లేదు. ఈ ఇంట్లో ఇంకో పేరు పిలవాలని ఆమెకు తోచకపోవడం మాత్రం నా గుండెలో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఆ వారంలోనే సాలవ్వ వచ్చింది. లింగంపేటలో బీడీలు చుడుతుంది. యాభై దాటిన మనిషి, గొంతు మాత్రం మొన్ననే పెండ్లయిన పిల్లది. కొట్లాడడానికే వచ్చిందనుకుని చాయ పెట్టి ఇచ్చాను. ఆమె చాయ తాగి, గ్లాసు కింద పెట్టి, మెల్లగా అన్నది.

"నవ్వితే నవ్విన్రు గని, అది నన్ను గన్న అవ్వ పాట బిడ్డా. ఆమె గొంతు ఎట్లుండెనో ఇయాల ఎవ్వలకు యాదికి లేదు. నా గొంతన్న ఉంటదని పాడిన."

తిట్టినా బాగుండేది.

పండగకు ముందే మళ్లీ చేసి ఇస్తే తీసుకుంటానని భూమేశ్ ఒప్పుకున్నాడు. తప్పంతా పాత హెడ్‌ఫోన్స్‌దని సతీశ్ అందరికీ చెప్పాడు. నా మీద పెట్టకుండా వాటి మీద పెట్టినందుకు నేను కృతజ్ఞతతో ఉండాలన్నట్టు నా వైపు చూశాడు కూడా. కొత్తవి కొనడానికి ఇద్దరం కామారెడ్డి పోయాం. మైకులు, ఆంప్లిఫయర్లు అమ్మే యాకూబు దుకాణానికి.

యాకూబు రెండు పెట్టెలు తీసి ముందు పెట్టాడు. ఒకటి చెవులను పూర్తిగా మూసేది. ఇంకొకదాని చెవి డొప్పల వెనుక సన్న కన్నాల జాలీ ఉంది.

"మూసినయైతే బయటి సప్పుడు లోపటికి రాదు, లోపటిది బయటికి పోదు. రికార్డింగుకు గివే. జాలీవి పెట్టుకుంటే పాట ఎదురుంగ కూసుండి ఇన్నట్టుంటది, మిక్సింగుకు మస్తుంటయి. కని బయటిదంత ఇనబడ్తది" అని చెప్పి, "ఎవలు వాడుతరన్నా?" అని అడిగాడు.

"నేనే" అన్నాడు సతీశ్, ఊరు పేరు చెప్పినంత తేలిగ్గా. రెండూ పెట్టుకుని తల ఊపాడు. తర్వాత నన్ను కూడా చూడమన్నాడు.

మూసినవి పెట్టుకోగానే రోడ్డు మీది ఆటోలు, బస్సు హారన్లు, పక్కనే మాట్లాడుతున్న నా భర్త, అన్నీ పోయాయి. మేం వెంట తెచ్చిన మా సీడీయే యాకూబు వేశాడు. ఎడమ చెవిలో డప్పు మీద పుల్ల తగిలే అంచు వినిపించింది. కుడి చెవిలో కోరస్ ఆడవాళ్లు విడివిడిగా వినిపించారు. ఒకామె ప్రతిసారీ చివరి మాట కొంచెం ఆలస్యంగా వదులుతున్నది. ఇంకొకామె గాజులు. నేను చేసిన పాటే ఇన్నాళ్లూ నాకు సగం తెలియదని అప్పుడే అర్థమైంది. అంతలో ఆ పిలుపు వచ్చింది. కామారెడ్డిలో, దుకాణంలో, స్టూలు మీద కూర్చుని ఉన్నానని తెలిసి కూడా సగం లేచి నిలబడ్డాను. యాకూబు ఏమైందని అడిగాడు. ఏమీ లేదని కూర్చున్నాను.

జాలీవి కూడా పెట్టుకుని చూశాను. అబద్ధం ఎందుకు, అవే తియ్యగా ఉన్నాయి. గొంతుల మధ్య ఖాళీ కూడా తెలుస్తున్నది. సప్పుడు లేని ఇంకో గది ఉంటే అవే అడిగేదాన్ని. మాకున్నది ఒక్క నడిమిల్లు. పాడేదీ, కలిపేదీ అందులోనే. అందుకే మూసినవి తీసుకుందామని సతీశ్‌తో మెల్లగా అన్నాను.

"జాలీవే తీసుకుందాం. అమ్మ పిలిస్తే ఇనబడ్తది. ఇగ చెవి తీసుడు గూడ అక్కర లేదు నీకు" అన్నాడు. నా కష్టం తీర్చినవాడిలా నవ్వాడు. యాకూబు ఆ పెట్టెను సంచిలో వేశాడు.

పిలుపు కోసేస్తే కోరస్ తెగిపోతున్నది గనక పాటంతా మళ్లీ పాడించాలి. ముందు సాలవ్వ వచ్చింది. ఆమెకు కొత్తవి పెట్టి, నేను పాతవి పెట్టుకున్నాను. రెండు చరణాలు పాడించి విని చూస్తే, ఆమె చెవుల దగ్గరి జాలీలోంచి డప్పు సప్పుడు బయటికి కారి మైకులో పడుతున్నది. డప్పు తగ్గిస్తే ఆమెకు తాళం అందక పాట జారిపోతున్నది. మళ్లీ, మళ్లీ పాడించాను. చివరికి సరిగ్గా కుదిరి, పాట నడుము దాకా వచ్చేసరికి ఆమె ఉన్నట్టుండి ఆపేసి హెడ్‌ఫోన్స్ తీసేసింది.

"మీ అత్త పిలుస్తున్నది బిడ్డా. పోయి రా."

పోయి అత్తమ్మకు వేడినీళ్ల కాపడం పెట్టి వచ్చేలోపల కరెంటు పోయింది. సాలవ్వ గొంతు జీరపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతూ, రేపు రానా అని అడిగింది. పొద్దున నానబెట్టి వచ్చిన బీడీ ఆకు ఈ పాటికి పనికిరాకుండా పోయి ఉంటుందని కూడా చెప్పింది. నిందగా కాదు, మబ్బు పట్టిందని చెప్పినట్టు చెప్పింది.

ఆమెను బస్సెక్కించి వచ్చి గిన్నెలు తోముతూ ఆలోచించాను. నా ఒక చెవి ఈ ఇంటికి ఇవ్వడం నా సొంత సంగతి అనుకున్నాను ఇన్నాళ్లూ. పెండ్లయిన ఆడది ఏదో ఒకటి ఇస్తుంది, ఒకామె నిద్ర ఇస్తుంది, ఒకామె జీతం ఇస్తుంది, నేను చెవి ఇచ్చాను, పెద్ద విశేషమేముంది అనుకున్నాను. కానీ నేనిచ్చిన దానికి సాలవ్వ గొంతు పోతున్నది. ఆమె ఒక పూట పని పోయింది. ఆమె తల్లి పాట ఊరి నవ్వులో పడింది. సర్దుకుపోవడం అని నేను పేరు పెట్టుకున్నది నన్ను దాటి ఇంకో ఆడమనిషి మీద పడుతుంటే దాన్ని మంచితనం అని ఎట్లా అనుకోవడం? సతీశ్‌కు చెప్తే ఏమంటాడో తెలుసు. అందుకే చెప్పలేదు.

మర్నాడు వంట ముగించి, అత్తమ్మ మంచం పక్కన నీళ్లు, గోళీలు, ఫోను పెట్టి, కామారెడ్డి పోయొస్తానన్నాను. సతీశ్ తోలిండా అని అడిగింది అత్తమ్మ. నేనే పోతున్నానని చెప్పాను. ఆమె నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, గోడ వైపు తిరిగింది. బస్సులో దారి పొడుగునా పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దిగి వెనక్కి పోదామా అని కూడా అనిపించింది.

యాకూబు పెట్టె తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్న జాలీవే గావాలన్నడు గదక్కా. అన్నకు చెప్పినవా?"

"అన్న వాడడు. పని చేసేది నేను. నాకు మూసినయి గావాలె."

ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదటిసారి. యాకూబు ఇంకేమీ అడగకుండా ఆ పెట్టె లోపల పెట్టి, రెండోది తెచ్చి ఇచ్చాడు.

తర్వాతిసారి సాలవ్వ ఒకటే ఊపులో పాడింది. మైకులో ఆమె గొంతు తప్ప ఇంకేమీ పడలేదు. కోరస్ ఆడవాళ్లూ పాడి పోయాక, సాలవ్వ విని పోతానని గోడకు ఆనుకుని కూర్చున్నది. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను, రెండు చెవులకూ. పాట మొదటి నుంచి మొదలుపెట్టాను.

భుజం మీద చెయ్యి పడితే గాని సతీశ్ వచ్చాడని తెలియలేదు. తీసి చూశాను. అతను నా చేతిలోవాటిని చూస్తున్నాడు. ఎప్పుడు మార్చావని అడగలేదు, ముందు అడగాల్సింది అతనికి వేరే ఉంది.

"అమ్మ పిలుస్తున్నది. ఇనబడ్తలేదా?"

"ఇనబడ్తలేదు" అన్నాను.

"మరి ఎట్ల?"

"మీకు ఇనబడ్డది గద. మీరు పోండ్రి."

సాలవ్వ తల దించుకుని నేల వైపు చూస్తున్నది. సతీశ్ ఏదో అనబోయి, ఆమె ఉన్నదని ఆగాడు. లోపలి నుంచి మళ్లీ పిలుపు వచ్చింది, ఈసారి నాకూ వినిపించింది. కాళ్లు లేవబోయాయి. కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. చివరికి అతనే అమ్మ దగ్గరికి పోయాడు.

ఈ పాట అయిపోయి, సాలవ్వ బస్సెక్కిపోయాక నేనేమేం వినాల్సి వస్తుందో నాకు తెలుసు. విననీ అనుకున్నాను, అవి కూడా రెండు చెవులతోనే వింటాను. హెడ్‌ఫోన్స్ మళ్లీ పెట్టుకుని, కోరస్‌ను కొంచెం పెంచాను.