బాత్రూములో జారిపడ్డ కేసు

డాక్టరుగారి తెల్లకోటును ఆమె ఎడమచేత్తో ఇస్త్రీ చేస్తోంది. కుడిచెయ్యి ఇంకా బరువు మోయడం లేదు. కాలరు దగ్గర ముడత ఉంటే ఆయనకు కోపం, మరీ రుద్దితే గుడ్డ మెరుస్తుందని ఇంకో కోపం. ఆ రెండు కోపాల మధ్య ఎక్కడ ఆగాలో పెళ్ళైన కొత్తలోనే నేర్చుకుంది. ఆయన గుమ్మంలో నిలబడి ఫోను చూసుకుంటూ, "నీకో ఎక్స్‌రే పంపాను. మూలన పేషెంటు పేరుంది, అది తీసేసి వ్యాసంలో పెట్టు. సాయంత్రానికి కావాలి," అన్నాడు.

ఇది ఆమెకు కొత్త పని కాదు. పెళ్ళికి ముందు ఒక పరిశోధనశాలలో ఉద్యోగం చేసేది. ఇద్దరూ బయటికిపోతే ఇల్లెవరు చూస్తారని అత్తగారు అడిగితే మానేసింది. ఇంటితోపాటు వైద్య పత్రికలకు ఆయన పంపే వ్యాసాలూ ఆమె నెత్తినే పడ్డాయి. ఆపరేషన్ గదిలో తను చేసిన ఘనకార్యం ఆయన రెండు ముక్కల్లో చెబుతాడు, కూర పొయ్యిమీద వేసి ఆమె దాన్ని వ్యాసం చేస్తుంది. లెక్కలు సరిచూస్తుంది. పత్రికవాళ్ళు అడిగే ప్రశ్నలకు ఆయన పేరుతో జవాబులు రాస్తుంది. వ్యాసం చివర కృతజ్ఞతలని కాస్త చోటుంటుంది. అది విరిగిన ఎముకలకు బిగించే స్క్రూలమ్మే కంపెనీకి దక్కింది, ఆస్పత్రి డైరెక్టరుకు దక్కింది, ఫొటోలు తీసిపెట్టిన కాంపౌండరుకు కూడా దక్కింది. తన సంగతేమిటని ఒకసారి నవ్వుతూ అడిగితే, "ఇంట్లో మనిషికి థాంక్సేమిటి, అసహ్యంగా," అన్నాడు. అత్తగారికైతే అసలది పనే కాదు. కుర్చీలో కూర్చుని చేసేది పనెలా అవుతుందని ఆవిడ అనుమానం. కోడలు కంప్యూటర్ తెరవగానే ఆవిడకు దాహం వేసేది.

ఎక్స్‌రే తెరిచింది. ముంజేతిలో చిటికెనవేలు వైపు ఎముక అడ్డంగా, పుటుక్కున విరిచిన పెన్సిల్లా ఉంది. వాచిపోయిన వేలికి ఇరుక్కుని రాకుండా పోయిన ఉంగరం తెల్లగా పడింది. మూలన పేరు చదవకముందే ఆ చెయ్యి తనదేనని తెలిసిపోయింది. కింద ఆయన పంపిన రెండు ముక్కలూ ఉన్నాయి. గృహిణి, బాత్రూములో కాలు జారి పడింది. కొత్తరకం ప్లేటు వేశాం, మామూలుకన్నా తొందరగా అతికింది.

జారింది బాత్రూములో కాదు, భోజనాల బల్ల దగ్గర, అదీ కాలు కాదు, నోరు. ఆయన తోటి డాక్టర్లు భోజనానికొచ్చారు. పోయిన వ్యాసంలో ఎంతమంది పేషెంట్లని వాళ్ళడిగితే ఆయనొక అంకె చెప్పాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ ఆమె, కాదండీ, అందులో సగంమందే తిరిగి చూపించుకున్నారు కదా అనేసింది. మీ పరిశోధన మీకన్నా మీ ఆవిడకే బాగా తెలుసే అని వాళ్ళు నవ్వారు. ఆయనా నవ్వాడు. కార్లు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

తలుపు గడియ పెట్టి వచ్చి మొదట చెంప పగలగొట్టాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంటే డొక్కలో తన్నాడు. కింద పడ్డాక జుట్టు పట్టుకుని లేపి మళ్ళీ పడేశాడు. ఎంగిలి పళ్ళేల మీద పడి గాజు ముక్క మోకాల్లో దిగింది. అప్పుడాయన మూలనున్న చేతికర్ర అందుకున్నాడు. కాళ్ళు విరిగినవాళ్ళకు ఆస్పత్రిలో ఇచ్చే అల్యూమినియం కర్ర. అది తలమీదికి రావడం చూసి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆమెకు నొప్పికన్నా ముందు వినిపించింది. హాల్లోంచి అత్తగారు టీవీ గొంతు పెంచి, "మొహం మీద కొట్టకురా, పక్కింటివాళ్ళు చూస్తారు," అన్నారు.

ఆస్పత్రికి ఆయనే కారులో తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, "చక్కగా విరిగిందే," అన్నాడు, కోపమంతా మరిచిపోయి. అది మెచ్చుకోలని ఆమెకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. ఎలా అయిందని నర్సు అడిగితే బాత్రూములో జారిందని ఆయనే చెప్పాడు. బల్లమీద పడుకుని ఆమె అవునన్నట్టు తలూపింది.

అయినా రాసింది. ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, కాలు జారి పడింది అన్న ముక్కతో సహా, సాయంత్రానికల్లా రాసి ఇచ్చింది. ఎందుకు రాసిందని మీరడగొచ్చు. రాయకపోతే ఏమవుతుందో ఆమె చేతిలో స్టీలు ప్లేటు పెట్టి మరీ చెప్పాడు కదా. ఆ సాయంత్రం ఆమెకు తనమీద తనకే రోత పుట్టింది.

పత్రిక నుంచి జవాబొచ్చింది. వ్యాసాన్ని పరిశీలించిన వాళ్ళెవరో, ఊరూపేరూ తెలియని మనిషి, ఒక ప్రశ్న వేశారు. పడేవాళ్ళు అరచెయ్యి ఆనిస్తారు, మణికట్టు విరుగుతుంది. ఈ ఒక్క ఎముకే నడిమికి ఇలా విరిగేది ఎక్కువగా దెబ్బ కాచుకోవడానికి చెయ్యెత్తినప్పుడు. ఈ మనిషి నిజంగా జారిందేనా, ఎవరైనా ఆమెనడిగారా? ఆ కింద పత్రిక ఆఫీసు ఇంకో ముక్క కలిపింది. తమ నియమం ప్రకారం పేషెంటుతో ఫోన్లో తామే మాట్లాడతామనీ, వ్యాసం చదివి వినిపిస్తామనీ, ఆమె నోటితో సరేనంటేనే అచ్చేస్తామనీ. ఆమె ఆ ప్రశ్నను పదేపదే చదువుకుంది. ఎవరైనా ఆమెనడిగారా. ఇంట్లోవాళ్ళకు పట్టని విషయం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళకు పట్టింది. గ్యాసుమీద పాలు పొంగిపోతున్నా లేవలేదు.

ఆయన అది చదివి, నువ్వే వాళ్ళకేదో రాశావని ఆమె నుదురు ఫ్రిజ్ తలుపుకేసి కొట్టాడు. నెత్తురు కారుతుంటే, అలవాటైన చెయ్యి గనక, తనే కట్టు కట్టాడు. కట్టు కడుతూనే మెత్తబడ్డాడు. ఇది అచ్చయితే డిపార్ట్‌మెంట్ హెడ్ కుర్చీ తనదే. ఆమె చెయ్యాల్సిందల్లా ఫోనొస్తే అవునండీ అనడం. "జారిపడ్డానని చెప్పడం నీకేం కొత్త కాదుగా," అన్నాడు.

ఫోను మధ్యాహ్నం వచ్చింది. స్పీకరు పెట్టించి ఆయన పక్కనే కూర్చున్నాడు, సరిగ్గా ప్లేటు వేసినచోట ఆమె చేతిని పిడికిట్లో పట్టుకుని. అత్తగారు టీవీ కట్టేశారు. అవతల ఒకావిడ, జలుబు చేసిన గొంతు, కాల్ రికార్డవుతుందని చెప్పి, పక్కన ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎవరూ లేరండీ, అంది ఆమె. ఆవిడ వ్యాసం చదవడం మొదలుపెట్టింది. తను రాసిన వాక్యాలు వేరే ఆడమనిషి గొంతులో వినడం ఆమెకు అదే మొదలు. కాలు జారి పడింది అన్నచోట ఆవిడ ఆగింది.

"ఒక్క మాటమ్మా. ఇది అచ్చయితే ఎంతోమంది డాక్టర్లు చదువుతారు. జారినా ఇలా విరుగుతుందనుకుంటారు. రేపు ఎవరో ఒకామె ఇలాంటి చేత్తోనే వస్తే, జారి ఉంటుందిలే అని కట్టుకట్టి ఇంటికి పంపేస్తారు. అందుకని అడుగుతున్నాను. మీరు జారే పడ్డారా?"

పిడికిలి బిగిసింది. ఆయన పెదవులు కదిపి, అవునండీ, అని చూపించాడు. ఆమెకు ఆ ఒకామె కనిపించింది. ఎక్కడో ఏదో ఆస్పత్రి బల్లమీద పడుకుని, తను రాసిన వాక్యానికి తలూపుతోంది. ఇన్నేళ్ళూ దెబ్బలు తనకే తగులుతున్నాయనుకుంది. ఈ దెబ్బ మాత్రం వెళ్ళి ఇంకొకామెకు తగులుతుంది, అదీ తన చేతి రాతతో.

"కాదండీ," అంది.

ఆయన చెయ్యి మెలిపెట్టాడు. స్క్రూలు ఎముకలో కదిలినట్టై కళ్ళు బైర్లు కమ్మాయి. నోట్లో నెత్తురు రుచి, నాలుక కొరుక్కున్నట్టుంది. అయినా గొంతు పోలేదు.

"జారలేదు. కర్రతో కొట్టారు, చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. కొట్టింది ఆ వ్యాసం పైన పేరున్న డాక్టరే, నా మొగుడే. ఎవరూ లేరని ఇందాక అబద్ధం చెప్పాను. పక్కనే ఉన్నారు. ఆ చెయ్యే పట్టుకుని మెలిపెడుతున్నారు."

మాటలన్నీ రికార్డయ్యాయని గుర్తొచ్చిందేమో, ఆయన చెయ్యి వదిలేశాడు. వేడి గిన్నె ముట్టుకున్నవాడిలా వదిలేశాడు. పిచ్చిదండీ, దానికి మతి సరిగా లేదండీ అని ఫోనుకు సంజాయిషీ మొదలుపెట్టాడు. అవతలావిడ ఆమెతోనే మాట్లాడింది.

"అమ్మా, లైను పెట్టేయకండి. అడ్రసు చెప్పండి, పోలీసులకు ఫోన్ చేయిస్తున్నాను."

ఆమె అడ్రసు చెప్పింది. ఫోను ఎడమచేతిలోకి తీసుకుని, లేచి వెళ్ళి వీధి తలుపు బార్లా తెరిచి, గడపమీద కూర్చుంది.

"వాళ్ళొచ్చేదాకా మీరు మొదటినుంచీ మళ్ళీ చదవండి," అంది. "అది రాసింది నేనే. ఎక్కడెక్కడ దిద్దాలో చెబుతాను."