జహంగీర్ మేస్త్రి పెద్దపేగు పరీక్ష

నరసరావుపేట చుట్టుపక్కల పెళ్లి పలావంటే జహంగీర్ మేస్త్రి వండాల్సిందే. ఇరవై ఏళ్లుగా పొయ్యి ముందు నిలబడి ఊరందరి కడుపులూ నింపినవాడు, తన కడుపు సంగతి మాత్రం ఆరు నెలలు దాచాడు. విరేచనంలో నెత్తురు పడుతోంది. మొలలేనని తనే తేల్చేసి, మజ్జిగ తాగుతూ కాలం గడిపాడు. నెత్తురు భార్య సాబిరా కంట పడిన వారమే గుంటూరు ప్రయాణం కట్టించింది.

డాక్టరు చూసి, "ఇవి మొలలు కావు. కింది నుంచి సన్నటి గొట్టం పంపి పెద్దపేగంతా చూడాలి" అన్నాడు.

"ఎంత పొడుగుంటది సార్?"

"దాదాపు నీ ఎత్తుంటుంది."

జహంగీర్ తల దించి తన కాళ్ల దాకా చూసుకున్నాడు.

"భయపడకు. మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకోవాలి. గాలి పంపుతాం కాబట్టి కడుపు ఉబ్బినట్టుంటుంది. అసలు కష్టం ముందే. రెండు రోజులు ముద్ద ముట్టకూడదు. గంజి తేట, కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, అంతే. ముందురోజు ఆముదం, పరీక్ష పొద్దున ఎనిమా. పేగు కడిగిన గిన్నెలా ఉండాలి."

తీరా ఆ ముందురోజే సత్తెనపల్లిలో పెళ్లి. మాటిచ్చానని వెళ్లాడు. పొయ్యి వదిలి పరుగెత్తడం కుదరదని ఆముదం సగమే తాగాడు. ఉప్పు చూడకుండా దించడం పాపమని ఒక చెంచా రుచి చూశాడు. ముక్క ఉడికిందో లేదో చెంచాలో తెలియదు కదా, ముక్క నమిలాడు. ఆ తర్వాత పళ్లెం వడ్డించుకున్నాడు. దానికి కారణం వెతకలేదు.

మర్నాడు గొట్టం జానెడు పోగానే డాక్టరు ఆగాడు.

"ఏం తిన్నావయ్యా?"

"గంజి తేట సార్."

"మీ ఇంట్లో గంజిలోకి కొత్తిమీర, టమాటా వేస్తారా?"

మత్తులో ఉన్న జహంగీర్ వృత్తి ధర్మం మరవలేదు. "గంజిలోకి ఎందుకేస్తాం సార్? పలావులోకి" అన్నాడు.

పరీక్ష రెండు వారాలు వాయిదా పడింది. ఈసారి సాబిరా వంటగదికి తాళం వేసి, ఆముదం గ్లాసు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. సాయంత్రానికి పక్కింటి కృపమ్మ గోడ మీదుగా అడిగింది: "ఏందొదినా, అన్నయ్య చెంబు పట్టుకుని ఊరేగుతున్నాడు?"

"చానా పెద్ద పెళ్లి వండొచ్చాడులే."

ఈసారి పేగు శుభ్రంగా ఉంది. శనగగింజంత కండ కనబడితే తీగతో కత్తిరించి తీసేశారు. జహంగీర్‌కు నొప్పే తెలియలేదు. వారం తర్వాత రిపోర్టు చూసి డాక్టరు చెప్పాడు: "ఇది క్యాన్సర్ కాదు. ఇంకొన్నేళ్లు వదిలేస్తే అయ్యేదేమో. ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉందా?"

జహంగీర్ తల అడ్డంగా ఊపాడు. బస్సు ఎక్కాక భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బాజాన్ ఇదే నెత్తురుతో పోయాడు సాబిరా. నాకూ అదేనని భయమేసి చెప్పలా."

సాబిరా తిట్టడానికి నోరు తెరిచి, కళ్లు తుడుచుకుంది. "మరి మాచర్లలో నీ తమ్ముడున్నాడుగా?" అంది.

ఆదివారం జహంగీర్ మాచర్ల వెళ్లాడు. తమ్ముడు షౌకత్ మెకానిక్. సంగతంతా విని, "నాకేం లేదు భాయ్, అంతా మొలలే" అన్నాడు. జహంగీర్ అక్కడే మకాం వేశాడు. మూడో రోజు ఇద్దరూ గుంటూరు బస్సెక్కారు.