కాలికింద దిగిపోయే పెడల్

ఏ మాట దగ్గర ఆపానో గుర్తు రాదు, ఆ రోజు తాడేపల్లిగూడెం బడిలో ఆరో తరగతికి డిక్టేషన్ చెబుతున్నాను, కిటికీ అవతల నుంచి హెడ్మిస్ట్రెస్ గారు చెయ్యి ఊపారు, పుస్తకం బల్ల మీద బోర్లించి బయటికి వచ్చాను, పిల్లలు పెన్నులు ఎత్తిపట్టుకుని తరువాతి మాట కోసం చూస్తూనే ఉన్నారు, వాళ్ళకి ఆ వాక్యం ఎవరైనా పూర్తిచేశారో లేదో, ఏలూరు దాకా రైల్లో నిలబడే వచ్చాను, మా ఆయన కారు కొల్లేరు గట్టు దిగి కాలవలో పడిందని మాత్రమే చెప్పారు, మనిషి సంగతి ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు, అడగనంతసేపూ ఆయన ఉన్నారు, ఒక్కో స్టేషనూ దాటుతున్నంతసేపూ, ఏలూరులో దిగేదాకా, స్టేషను బయట ఆయన స్నేహితుడు వెంకట్రాజుగారు తడిబట్టలతో నిలబడి నన్ను చూసి తల దించుకునేదాకా ఉన్నారు.

తొక్కి పట్టుకోండి టీచరుగారూ, వదలకండి, అంటున్నాడు మెకానిక్ నాని బానెట్ అవతల నుంచి, నలభై దాటినా బైపాస్ పక్కన ఈ షెడ్డుకి వచ్చేవాళ్ళందరికీ అతను నానియే, కాలవలోంచి తీసిన కారులో నేను మా ఆయన సీట్లో కూర్చుని ఉన్నాను, సీటు ఇంకా బురద వాసన వేస్తోంది, చింతలపూడి నుంచి పామాయిల్ తోటలాయన ఒకరు కారు కొంటానని వచ్చి, షెడ్డులో అటూ ఇటూ తోయించి, బ్రేకు ఇలా ఉందేమిటని అడిగి వెళ్ళాడట, ఆ సంగతి చూసి అప్పుడు అమ్ముదామండీ అని నాని ఫోను చేస్తే నేనూ వస్తానన్నాను, ఎందుకన్నానో తెలియదు, నాకు బండి నడపడం కూడా రాదు, పెడల్ మీద కుడికాలు పెట్టాను, మొదట గట్టిగానే ఆనింది, హమ్మయ్య అనుకునేలోపే నెమ్మదిగా దిగడం మొదలుపెట్టింది, జారలేదు, ఊడలేదు, దిగింది, చెరువులోకి అడుగేసినప్పుడు నేల తగిలిందనుకున్న చోట బురద మళ్ళీ కిందికి కుంగినట్టు, నానీ ఇది ఆగడం లేదయ్యా అన్నాను, ఎందాకా వెళ్ళిందండీ, అడుగుదాకా, చెప్పు మ్యాటుకి తగిలింది, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రాయిలా ఉండాలండీ అది, మళ్ళీ తొక్కండి, గబగబా తొక్కండి, గాలి పట్టి ఉంటే నాలుగు తొక్కులకి గట్టిపడి అక్కడే నిలబడుతుంది, తొక్కాను, గట్టిపడింది, కాలు అలాగే ఉంచాను, మళ్ళీ దిగింది.

నాన్న బ్రేకు ఎందుకు వేయలేదమ్మా, అని మా అమ్మాయి రమ్య ఒక్కసారే అడిగింది, సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం, తలుపు చాటున నిలబడి, తరువాత అది మళ్ళీ అడగలేదు, నాన్న అనే మాట కూడా మానేసింది, కాలేజీ బస్సు పాస్‌లో తండ్రి పేరు రాసేటప్పుడు వరదానం అని రాసి కలం మూసేసింది, ఆ బ్రేకు మాట దానికి ఎక్కడ వినబడిందో నాకు తెలుసు, ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళ వరసలో, కనకమ్మగారు పక్కావిడతో గొంతు తగ్గించి, తారు రోడ్డు మీద గీతయినా లేదంటమ్మా, చక్రాలు ఈడ్చిన మచ్చ లేదంట, సరిగ్గా కల్వర్టు మలుపులో తిన్నగా వెళ్ళిపోయాడంట, ఆ ముందు వారమేగా చెరువులో చేపలన్నీ తేలిపోయాయి, పాపం మనసు ఎలా ఉందో, ఆ పాపం అనే మాటలో ఎంత ఉందో నాకు తెలుసు, నేను మాటలు చెప్పి బతికేదాన్ని, పాస్టరు అయ్యగారు కూడా సమాధి దగ్గర ప్రార్థన తొందరగా ముగించారు, లేదా నాకు అలా అనిపించిందేమో, ఆ ముందు వారం ఒక రాత్రి చెరువు నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోయి తెల్లారేసరికి శీలావతి చేపలన్నీ పొట్టలు పైకి చేసి తేలిన మాట నిజమే, ఆయన గట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు, కానీ ఇంటికి వచ్చాక రమ్యతో, పోతే పోయాయమ్మా, మళ్ళీ చేపపిల్ల వేస్తాం, ఈసారి మోటార్లు బాగుచేయించాకే, అన్నారు, పెరుగన్నం తిన్నారు, పెరుగన్నం తిన్న మనిషి, అని ఎన్నిసార్లు అనుకున్నానో, అదేం సాక్ష్యం.

కారుతోందేమో చూద్దామండీ, అని నాని నాలుగు చక్రాలూ ఒకటొకటిగా విప్పాడు, బోర్లించిన గిన్నెలా ఉన్న డ్రమ్ము తీసి లోపల వేలు పెట్టి చూపించాడు, పొడి, చూడండి దుమ్మే తప్ప తడి లేదు, గొట్టాల వెంట గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు, ఎక్కడా చెమ్మ లేదు, బానెట్ కింద బ్రేకు ఆయిల్ డబ్బాలో చూస్తే గీత దాకా ఉంది, బయటికి పోలేదు, తగ్గలేదు, మరి కాలు దిగుతోందంటే ఆయిల్ లోపలే ముందునుంచి వెనక్కి తప్పించుకుపోతోందండీ, లోపల రబ్బరు పట్టడం లేదు, అని డబ్బా మూత తిప్పాడు, మూత వచ్చింది గానీ దాని కింది రబ్బరు రాలేదు, స్క్రూడ్రైవరుతో లాగితే పొంగి, ముడతలు పడి, బయటికి వచ్చాక మళ్ళీ ఆ మూతలో పట్టనంత పెద్దదైంది, పూరీ అయిపోయిందండీ ఇది, అని నవ్వాడు, నా మొహం చూసి నవ్వు ఆపాడు, రబ్బరు ఎందుకు పొంగుతుంది, అన్నాను, నీళ్ళు చేరితే పొంగదండీ, నూనె తగిలితే పొంగుతుంది, మామూలు నూనె, బ్రేకు ఆయిల్ అసలు నూనె కాదండీ, నీళ్ళలో కలిసిపోయే రకం.

టీ గ్లాసు ఉందా, సగం నీళ్ళు పోసివ్వు, రెండు గ్లాసులు కావాలి, అన్నాను, నా గొంతు తరగతిలో గొంతులా ఉంది, నాని తెచ్చాడు, అరమీద బ్రేకు ఆయిల్ కొత్త సీసా ఉంటే సీలు తీయించి ఒక చుక్క మొదటి గ్లాసులో వేయించాను, అది దారంలా దిగి నీళ్ళలో కలిసిపోయింది, ఏమీ మిగల్లేదు, ఈ డబ్బాలోంచి తీసిన చుక్క రెండో గ్లాసులో వేశాడు, కొంత దిగింది, కొంత పైకి వచ్చి గుండ్రంగా పరుచుకుంది, వెలుగుకి పట్టుకుంటే రంగులు, ఊదా, పచ్చ, ఆ రంగులు నేను చూశాను, ఎక్కడ చూశాను, చెరువులో ఏరియేటర్ తిరిగే చోట, రెక్కల చుట్టూ నీటి మీద, రమ్య చిన్నప్పుడు ఇంద్రధనుస్సు పడిపోయింది నాన్నా అనేది, చూశారా టీచరుగారూ, ఎవడో మహానుభావుడు గేరాయిలు పోశాడు, చెరువుల కాడ ఇంతేనండీ, ఒకటే డబ్బా, మోటారుకీ అదే, గేటు మడతబందుకీ అదే, పోయిన వేసవిలో పెదపాడు ఆయనొకాయన ఇలాగే చేసుకొచ్చాడు, తొలి నాల్రోజులూ ఏమీ తెలీదండీ, రబ్బరు నానాలిగా, అని అంటూనే ఉన్నాడు, నాకు సగమే వినబడుతోంది, ఎందుకంటే ఎవడో కాదు.

బండికి ఏ లోటూ లేదు చెల్లెమ్మా, అని వెంకట్రాజుగారు అప్పట్లో మా వరండాలో కూర్చుని ఏడ్చారు, ముందు ఆదివారమే ఎర్రలైటు వెలుగుతోందంటే బానెట్ ఎత్తి నేనే చూశాను, బ్రేకుల డబ్బా సగానికి వచ్చింది, ఏరియేటర్లకి తెచ్చిన కొత్త ఆయిల్ డబ్బా గట్టు మీదే ఉంటే నా చేత్తో నేనే నింపాను, లైటు ఆరిపోయింది, ఏవయ్యా వరదానం, నీ కంటే నీ కారుకి ఆకలెక్కువ అని నవ్వుకున్నాం కూడా, బండి మంచిదేనమ్మా, అన్నారు, పోలీసులకీ అదే చెప్పారు, మంచి మనసుతో, స్నేహితుడి మీద ప్రమాణం చేసినట్టు, ఆ మాటతో బండిని ఎవరూ విప్పి చూడలేదు, మేమూ ఎవరి మీదా అనుమానం లేదన్నాం, బండి మంచిదైతే మిగిలింది మనిషే, అందరి చూపూ మనిషి మీదికి వెళ్ళింది, నాదీ, అవును, తెల్లవారుజామున ఒక్కోసారి నాదీ, కాలవలోకి మొదట దూకింది వెంకట్రాజుగారే, మా ఆయన్ని బయటికి లాగింది ఆయనే, అప్పటి నుంచీ ఆదివారం మందిరం విడిచే వేళకి గుమ్మంలో చేప ఉంచి, లోపలికి రమ్మంటే రాకుండా, రమ్య బాగుందా అమ్మా అని అడిగి వెళ్ళేదీ ఆయనే, రేపు కూడా వస్తారు.

గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది, దించాలనిపించడం లేదు, గీత లేదంటే గీత ఎలా పడుతుంది, కాలు దిగిపోతుంటే చక్రం పట్టకపోతే, ఇంత వరకూ సరే, కానీ కనకమ్మగారు అడగరూ, పెడల్ పోతే పోయింది, అసలు తొక్కాడని ఏమిటి, అని, నేనే అడుగుతున్నాను ఆవిడ గొంతుతో, నాని గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఈ బండితో మొదటి నుంచీ తంటాలేనండీ, ఆ రోజు క్రేనుతో లాగడానికి నేనే వచ్చానా, వెనక చక్రాలు ససేమిరా తిరగవే, చెరువు దెయ్యం పట్టుకుందిరా అని క్రేనాయన ఒకటే గోల, తీరా చూస్తే హ్యాండుబ్రేకు చివరి పన్ను దాకా లాగేసుంది, రెండు చేతులతో దించానండీ, అన్నాడు, ఎవరు లాగారు, అన్నాను, మీరు భలేవారే, ఎవరు లాగుతారండీ, లోపలున్నది వరదానంగారొక్కరేగా, అప్పుడే చెప్పలేదేం, ఎవరూ అడగలేదు కదండీ.

సీట్ల మధ్య ఆ పిడి ఉంది, పైన తోలు అరిగి, ఆయన అరచేయి పట్టే చోట నున్నగా, దాని మీద చేయి పెట్టాను, లాగాను, ఒక్కొక్క పన్నే టకటకమని, ఇంకా లాగాను, నా బలానికి చివరిదాకా రాలేదు, ఆయన లాగారు, పెడల్ కాలికింద దిగిపోతుంటే మళ్ళీ తొక్కి, మళ్ళీ దిగిపోతుంటే, మలుపు మీదికి వచ్చేస్తుంటే, ఎడమచేత్తో దీన్ని పట్టుకుని ఉన్న బలమంతా పెట్టి లాగారు, అది పట్టేసరికి తారు రోడ్డు అయిపోయింది, ఆయన ఆపాలనే చూశారు, ఇంటికి రావాలనే చూశారు.

రమ్య కాలేజీ బస్సు దిగే వేళయింది, దానికి ఇవాళే చెబుతాను, దాన్ని ఇక్కడికే తీసుకొచ్చి ఈ పిడి లాగమంటాను. వెంకట్రాజుగారికి ఇంకా చెప్పలేదు.