ఇరవై లెక్కపెట్టేదాకా

"విరిగింది చెయ్యి. ఈడ్చేదేమో కాలు. ఇదెక్కడి చోద్యమే తల్లీ!" గిన్నెలు కడుగుతున్న కోడలి వెనక నుంచి అంది అత్తగారు.

ఎందుకో చెప్పీ చెప్పీ కోడలికి నోరు నొచ్చింది. బట్టల మూటతో మెట్ల మీద పడి ముంజేయి విరిగి ఏడాదిన్నర. ఆపరేషన్ చేసి ఎముకకి స్టీలు రేకు వేసి బిగించారు, అతకలేదు. మళ్ళీ బిగించారు, మళ్ళీ అతకలేదు. "చేతికి విశ్రాంతి ఇచ్చావామ్మా?" అని పెద్ద డాక్టరు అడిగితే, పక్కనున్న మొగుడు "ఇంట్లోనే ఉంటుంది కదండీ" అన్నాడు. ఇంట్లోనే ఉంది. పట్టీ విప్పేసి దుప్పట్లు పిండింది కూడా ఆ ఇంట్లోనే. చివరికి ఎడమకాలి పిక్క పక్కనుండే సన్నటి ఎముక ముక్కను, దాని రక్తనాళంతో సహా తీసి చేతిలో కుట్టారు. ఆ ప్రాణమున్న ముక్క చేతిని నిలబెట్టింది. ఎక్స్‌రే ఫిల్ములో అతుకు చూసి ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఇచ్చిన కాలు సంగతి ఎవరూ అడగలేదు.

"ఎముక లేని చెయ్యంటే దానగుణం అంటారు. మా ఆవిడకి కాలిక్కూడా ఎముక లేదు, ఇక అడ్డేముంది!" అని మొగుడు చుట్టాలను నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్వానా అని తర్వాత తనని తనే తిట్టుకుంది. చెయ్యి విరక్కముందు ఆమె పనిచేసిన ఇస్త్రీ కొట్టు యజమాని మాట ఇంకా బాగుంది: "చెయ్యి బాగైందిగా, సోమవారం వచ్చెయ్. నడిచే పని కాదమ్మా, నిలబడితే చాలు."

కాలిని కాలిగా చూసింది ఒక్కతే, ఆస్పత్రిలో కసరత్తు నేర్పే అమ్మాయి. "ఎముక తీసిన చోట కండ బిగుసుకుంటోందక్కా. బొటనవేలు కిందికి ముడుచుకుంటోంది. గంటకోసారి కూర్చుని, వేలిని చేత్తో పైకి లాగి ఇరవై లెక్కపెట్టేదాకా పట్టుకోండి. అశ్రద్ధ చేస్తే అలాగే ఉండిపోతుంది. బతుకంతా తట్టుకుని పడుతుంటారు."

మూడు వారాలైంది. ఒక్కసారీ ఇరవై రాలేదు. ఆరు దగ్గర కూతురి జడ. తొమ్మిది దగ్గర మొగుడి తువ్వాలు. పదమూడు దగ్గర అత్తగారి మాత్రలు. ఎవరూ పిలవకపోయినా, పిలుస్తారేమోనని తనే లేచేది. కూర్చుంటే దొంగతనం చేస్తున్నట్టుండేది. కాలుగాలిన పిల్లిలా తిరిగిన ఒళ్ళు, కాలు నిజంగా మండుతున్నా కుదురుగా ఉండనిచ్చేది కాదు.

కడిగిన గిన్నెలు ఎత్తుకుని గడప దాటబోయింది. తట్టుకుంది. గిన్నెలు దొర్లిపోయాయి. బాగైన చేత్తోనే గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. పన్నెండేళ్ళుగా దాటుతున్న గడప. కిందికి చూస్తే వేలు గోటితో నేలను గీస్తోంది.

గిన్నెలు ఏరలేదు. ముందుగదిలోకి వెళ్ళి మొగుడి కుర్చీలో కూర్చుంది. ఎడమకాలు కుడిమోకాలి మీద వేసుకుని వేలు పైకి లాగింది. పిక్కంతా నిప్పు.

"ఒకటి," అంది పైకే.

"టీ ఏదీ?" లోపల్నుంచి మొగుడు.

"నాలుగు."

"ఏమే, చెవుడు కూడా వచ్చిందా?" అత్తగారు.

"తొమ్మిది."

మొగుడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "అది నా కుర్చీ. సోమవారం వస్తున్నావని కొట్టు యజమానికి చెప్పేదా?"

పదమూడు వచ్చింది. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. పళ్ళు బిగబట్టింది. "పద్నాలుగు."

ఇరవై దాకా లెక్కపెట్టి వేలు వదిలింది.

"కూర్చుని ఇస్త్రీ చేయడానికి ఎత్తుపీట వేస్తేనే వస్తానని నేనే చెప్తాను. టీపొడి పై అరలో ఉంది," అంది.

మళ్ళీ వేలు పట్టుకుంది. "ఒకటి."