చేతి తూకం

ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల బోరు మోటారు కాలిందంటే దారి జగదీశ్వర్ షెడ్డుకే. మంచాల వైపు నుంచి, యాచారం వైపు నుంచి రైతులు ఆటోల్లో మోటార్లు వేసుకుని వస్తారు. జగదీశ్వర్ వెంటనే మీటరు తీయడు. ముందు మోటారును రెండు చేతులతో ఎత్తి కాసేపు పట్టుకుంటాడు. లోపల రాగి తీగ చుట్టారా, రాగి అని చెప్పి అల్యూమినియం చుట్టారా అన్నది బరువును బట్టి అక్కడికక్కడే తేల్చేస్తాడు. ఇరవై ఆరేళ్లలో ఆ చెయ్యి తప్పిందని ఎవరూ అనలేదు, ఆయనకైతే ఆ అనుమానమే రాలేదు. పెళ్లికి పోయినా చెయ్యి ఊరుకోదు. కానుకల బల్ల దగ్గర స్టీలు బిందె ఎత్తి చూసి, పలచటి రేకు అని పైకే అనేస్తాడు. అరుణ తన మొగుణ్ణి ఆ బల్ల దరిదాపులకు పోనివ్వడం ఎప్పుడో మానేసింది.

ఆయనకు ఒక్కతే కూతురు, భవిత. డిగ్రీ రెండో సంవత్సరం. మూడు నెలలుగా ఆ పిల్లకు ఒకటే ధ్యాస, గేమింగ్ కంప్యూటర్. తయారుగా దొరికేది కాదు, విడి భాగాలు ఒక్కొక్కటే ఎంచుకుని తన చేతులతో తానే బిగించుకునేది. కాలనీ పిల్లలకు రెండేళ్లు ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు ఎనభై వేలు ఉంది. అది దాటితే ఇంకెవరినీ అడగనని ముందే చెప్పేసింది.

తొందర కూడా ఉంది. భవిత, మంచాల నుంచి వైశాలి, కాలేజీలో ఇంకో ముగ్గురు, మొత్తం ఐదుగురు ఆడపిల్లలు ఒక జట్టు. ఇన్నాళ్లూ బస్సెక్కి నగరంలో గేమింగ్ సెంటర్‌కు పోయి, గంటలు లెక్కపెట్టుకుంటూ ఆడారు. ఇప్పుడు పెద్ద పోటీకి అర్హత మ్యాచ్ వచ్చింది. ఆదివారం పొద్దున పదింటికి ఎవరింటి నుంచి వాళ్లు, ఎవరి మిషన్ మీద వాళ్లు ఆడాలి. ఒక్కరు తక్కువైనా జట్టు మొత్తం అవుట్. మిగతా నలుగురికీ మిషన్లు ఉన్నాయి. లేనిది భవితకే.

మొదట్లో జగదీశ్వర్ దీన్ని ఆటల పిచ్చి అనుకున్నాడు. ఒకరోజు కూతురు బయటికి పోయినప్పుడు ఆమె నోట్‌బుక్ తిరగేశాడు. తిరగేసి అలాగే కూర్చుండిపోయాడు. ఒక పేజీలో ప్రాసెసర్లు, ఏది ఎంత కరెంటు తింటుంది, ఎంత వేడెక్కుతుంది. ఇంకో పేజీలో గ్రాఫిక్స్ కార్డులు, ఏ కార్డు ఏ పెట్టెలో పడుతుంది, పొడవు మిల్లీమీటర్లలో. కొట్టివేతలు, మళ్లీ రాతలు, పక్కన కారణాలు. ఆయన కూడా ప్రతి మోటారుకూ ఎన్ని చుట్లు, ఏ మందం తీగ అని రాసి పెట్టుకునే మనిషే. కానీ ఇంత ఓపికగా తాను ఏనాడూ రాయలేదని ఒప్పుకోక తప్పలేదు.

సాయంత్రం కూతుర్ని మెల్లగా కదిలించాడు.

"గీ పెద్ద కార్డును ఎందుకు కొట్టేసినవ్ బిడ్డా? పైసలు జర ఎక్కువైతే అయినయ్, గదే తీస్కో."

"బాపు, బోర్ల రెండించుల నీళ్లే ఉన్నయనుకో. పది హెచ్‌పీ మోటర్ దింపుతవా?"

"ఎట్ల దింపుత? ఒట్టిగ తిరిగి కాలిపోతది."

"గిదీ గంతే. నేను తీస్కునే ప్రాసెసర్ గా పెద్ద కార్డుకు పని అందియ్యలేదు. కార్డు ఖాళీగ కూసుంటది. నా ప్రాసెసర్‌కు తగ్గ కార్డు తీస్కుంటే మిగిలిన పైసలతోని, అన్నిటికి కరెంటిచ్చే పవర్ సప్లై మంచిది వస్తది. అందరు గాడనే పైసలు మిగిలిస్తరు, గాడనే దెబ్బ తింటరు."

జగదీశ్వర్ నవ్వలేదు, తల ఊపలేదు. లోపల మాత్రం పొంగిపోయాడు. రైతులకు ఈ ముక్క అర్థం కావడానికి ఆయన ఇరవై ఆరేళ్లుగా గొంతు చించుకుంటున్నాడు. పెద్ద మోటారు దింపితే ఎక్కువ నీళ్లు వస్తాయనే భ్రమ వాళ్లకు ఇప్పటికీ పోలేదు. తన ఇంట్లో, ఎవరూ చెప్పకుండా, పందొమ్మిదేళ్ల పిల్లకు అది తెలిసింది. మర్నాడు మంచాల మల్లేశయ్య మోటారు తీసుకుని వస్తే, ఆ మోటారు సంగతి పక్కకుపోయి గంటసేపు గ్రాఫిక్స్ కార్డుల మీద ఉపన్యాసం నడిచింది. మల్లేశయ్య పాపం అన్నిటికీ అవ్ అవ్ అన్నాడు.

నెల తిరిగేసరికి ర్యామ్ ధర కొండెక్కింది. భవిత ఒక రోజంతా కూర్చుని లెక్కలన్నీ మళ్లీ వేసింది. రంగు రంగుల లైట్ల పెట్టె తీసేసి మామూలు నల్ల పెట్టె రాసింది. మానిటర్‌ను ఒక మెట్టు కిందికి దించింది. పవర్ సప్లైని మాత్రం ముట్టుకోలేదు. ఆరువందల యాభై వాట్లది, పేరున్న రకం, ఐదువేల ఎనిమిది వందలు. దాని కింద రెండు గీతలు గీసి ఉన్నాయి.

శుక్రవారం తండ్రీకూతుళ్లు బడంగ్‌పేట్‌కు బండి మీద బయల్దేరారు. అక్కడ అరుణ తమ్ముడు ధర్మేందర్‌కు కంప్యూటర్ల దుకాణం ఉంది. సొంత మేనమామ దుకాణం ఉండగా ఇంకోచోట కొంటే అరుణ ఇంట్లో బతకనిచ్చేది కాదు. ధర్మేందర్ మంచివాడే. మేనకోడలు నోట్‌బుక్ చూసి, ఆన్‌లైన్ ధరకే అన్నీ ఇస్తానన్నాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, కార్డు, అన్నీ ఒక్కొక్కటిగా బల్ల మీదికి వచ్చాయి. భవిత ప్రతి డబ్బా మీది నంబరునూ నోట్‌బుక్‌తో సరిచూసుకుని పక్కన పెట్టింది. దుకాణంలో ఉన్న ఇద్దరు గిరాకీలు తమ పని మరిచిపోయి ఆ పిల్లనే చూస్తున్నారు. జగదీశ్వర్ వాళ్లను చూస్తున్నాడు. ఆయన మీసం దానంతటదే మెలి తిరిగిపోతోంది.

చివరికి పవర్ సప్లై మిగిలింది. ధర్మేందర్ రెండు డబ్బాలు తెచ్చి పెట్టాడు.

"నువ్వు రాసింది గిది, ఒక్కటే పీస్ ఉన్నది. గిదేమో కొత్త కంపెనీ. ఎనిమిది వందల యాభై వాట్లు, రెండువేలు తక్కువ. మస్తు పోతున్నయ్."

జగదీశ్వర్ చెయ్యి ఆగుతుందా! ముందు కూతురు రాసుకున్నదాన్ని ఎత్తాడు. తర్వాత కొత్త కంపెనీది ఎత్తాడు. కళ్లు మూసుకుని, అటూ ఇటూ మార్చి మళ్లీ ఎత్తాడు.

"గిదే," అని కొత్తదాన్ని బల్ల మీద పెట్టాడు. "లోపల సరుకున్నది. గది తేలిక."

గిరాకీల్లో ఒకాయన రావిర్యాల మనిషి, జగదీశ్వర్‌ను గుర్తుపట్టాడు. "జగదీశన్న చెయ్యి పెట్టిండంటే ఇగ చూసుడే లేదు," అన్నాడు.

"బాపు, నేను రాసుకున్నది గది..." అంది భవిత.

"రాసుకునుడు వేరు బిడ్డా, చేతుల పట్టి చూసుడు వేరు."

భవిత తండ్రి ముఖం చూసింది. రావిర్యాల ఆయన్ను చూసింది. "సరే బాపు," అంది.

మిగిలిన రెండువేలతో మంచి కీబోర్డు కొనుక్కోమని జగదీశ్వర్ చెబితే, వద్దంది. అలసిపోయిందేమో అనుకున్నాడు.

శనివారం పొద్దున షెడ్డు తెరవలేదు. మంచం అంచున కూర్చుని కూతురు చేతులనే చూశాడు. భవిత నేల మీద అట్టముక్క పరిచి, కిటికీ ఇనుప ఊచను ఒకసారి తాకి పని మొదలుపెట్టింది. ఒంట్లో కరెంటు ఉంటే చిప్పులు పోతాయట, అందుకని ముందు ఇనుమును తాకాలి. ప్రాసెసర్‌ను దాని గూట్లోకి ఎంత మెల్లగా దించిందంటే జగదీశ్వర్ ఊపిరి బిగబట్టుకున్నాడు. దాని మీద వేడిని లాగే పేస్టు బఠాణీ గింజంత పెట్టింది. పైన ఫ్యాను పెట్టి, స్క్రూలు ఒకదాని తర్వాత ఒకటి కాకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించింది. మోటారు మూతలు ఆయన బిగించేదీ అలాగే. తాను పనివాళ్లకు తిట్టి నేర్పిన సంగతి ఈ పిల్లకు చేతుల్లోనే ఉంది. అరుణ అన్నం తినమని రెండుసార్లు పిలిచినా ఇద్దరూ వినలేదు.

మధ్యాహ్నానికి అన్నీ బిగిసాయి. పవర్ సప్లై డబ్బా మాత్రం మూత కూడా తీయకుండా గోడ పక్కన ఉంది.

"గది ఎప్పుడు పెడ్తవ్?"

"పెడ్త బాపు. జర ఆగని."

ఇంకో గంట గడిచినా పెట్టలేదు. జగదీశ్వర్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోతే, గోడ అవతల కూతురు ఫోన్‌లో మాట్లాడుతోంది.

"రేపటికి నా మిషన్ తయారు కాదే వైశాలి. ఇంకెవర్నన్న చూస్కోండ్రి. నా ఫికర్ చేయకు, వచ్చేసారి ఆడుత."

అన్నీ బిగించి, ఒక్క డబ్బా దగ్గర ఆగి, మూడు నెలల కష్టాన్ని ఎందుకు వదులుకుంటోందో ఆయనకు అర్థం కాలేదు. నేరుగా లోపలికి పోయి డబ్బా విప్పాడు. స్క్రూ మీద అంటించిన కంపెనీ సీలు చింపి, నాలుగు స్క్రూలు ఊడదీసి రేకు మూత ఎత్తాడు.

లోపల చిటికెడు రాగి. వేలెడంత కూడా లేని కెపాసిటర్. అడుగున, దేనికీ ఏ తీగా కలపకుండా, జిగురుతో అంటించిన ఇనుప పలక ఒకటి ఉంది. దాన్ని పీకి చేతిలో పట్టుకున్నాడు. తాను నిన్న మెచ్చుకున్న బరువంతా అదే. చేత్తో ఎత్తి చూసి కొనే మనుషులు ఉంటారని తెలిసినవాడెవడో, సరిగ్గా జగదీశ్వర్ లాంటివాళ్ల కోసమే దాన్ని చేశాడు.

గుమ్మంలో భవిత నిలబడి ఉంది.

"నీకు ఎర్కేనా?" అన్నాడు.

"ఇనుము పెట్టిండ్రని తెల్వదు. గని గా పైసలకు గన్ని వాట్లు రావని ఎర్కే. కరెంటు ఎక్కువ తక్కువైతే కార్డును, బోర్డును అన్నిటిని పట్టుకొని పోతది. గందుకే పెట్టలే."

"మరి దుకాన్లనే ఎందుకు చెప్పలే? నీ పైసలు గద!"

"ఒక్కసారి చెప్తి గద బాపు. గా రావిర్యాలాయన నిలబడ్డడు. నీ చేతి గురించి గంత మంచిగ మాట్లాడె. గాయిన ముంగట నీ మాట ఎట్ల తీసేస్త? వచ్చే నెల ట్యూషన్ పైసలు రాంగనే ఇంకోటి కొనుక్కుందామనుకున్న."

జగదీశ్వర్‌కు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ పిల్లకు కంప్యూటర్ తెలుసని నిన్నటిదాకా మురిసిపోయాడు. తండ్రి పరువు కోసం తన మ్యాచ్‌ను వదులుకుని, ఆ మాట బయటపడకుండా దాచుకోవడం కూడా తెలుసని ఇప్పుడు తెలిసింది. అంత పెద్ద మనసు తాను ఎవరి విషయంలోనూ ఎప్పుడూ చూపలేదనిపించింది. బండి తాళంచెవి తీసుకున్నాడు.

"నడువు. టైముంది."

బడంగ్‌పేట్ చేరేసరికి నాలుగయింది. శనివారం కదా, దుకాణం నిండా జనం. ధర్మేందర్ విప్పిన డబ్బా చూసి తెల్లబోయాడు.

"నాకు సత్తెంగ తెల్వదు బావ! గని సీల్ చింపినవ్. వాపస్ తీస్కోరు."

"వాపస్ అడగలే. కొత్తదానికి పైసలు నేను ఇస్త." జగదీశ్వర్ ఇనుప పలకను అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించలేదు. "నిన్న గీ జాగలనే నిలబడి గిదే మంచిదన్న. నా చెయ్యి తప్పింది. నా బిడ్డ రాసుకున్నదే కరెక్ట్. ఎవరన్న గీ కొత్తది కొన్నోళ్లుంటే ఇంటికి పోయి విప్పి చూస్కోండ్రి. రావిర్యాలాయన వస్తే గాయినకు గూడ గిదే చెప్పు."

ధర్మేందర్ ఆ కంపెనీ డబ్బాలన్నీ అరలోంచి దించి లోపల పడేశాడు. భవిత రాసుకున్న ఒక్క పీసు ఇంకా ఉంది. దాన్ని తెచ్చి, అలవాటు కొద్దీ బావ ముందు పెట్టాడు. జగదీశ్వర్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

భవిత డబ్బా మీది నంబరు చూసింది. మూత తీసి, తీగలు లాగి చూసి, మళ్లీ సర్దింది. తర్వాత తండ్రి వెనక్కి పోయి, ఆయన చేతులు పట్టుకుని ముందుకు లాగి, డబ్బాను వాటిలో పెట్టింది.

"పట్టు బాపు. మంచిదైతే గింత బరువుంటది. యాదికి పెట్టుకో. రేపు ఎవరన్న అడిగితే నువ్వే చెప్పాలె."

జగదీశ్వర్ కళ్లు మూసుకుని దాన్ని పట్టుకున్నాడు. వెనక జనం జరగమంటున్నా, బాగా గుర్తుండేదాకా కదలలేదు.